నలభై రెండు సెకన్ల కర్టెన్

చూపులేనివాళ్ళకి సినిమా చెప్పే ఉద్యోగం ఒకటుందంటే సగంమంది నమ్మరు. మిగతా సగంమంది "అదేం పెద్ద పని, నేనూ చెప్తాను" అంటారు. చెప్పమనండి చూద్దాం. పాత్రల మాటలకీ మాటలకీ మధ్య చిన్న చిన్న ఖాళీలుంటాయి. తెర మీద ఏం జరుగుతోందో ఆ ఖాళీల్లో ఇమిడేలా చెప్పాలి. 'తలుపు తెరుచుకుంటుంది. ఆమె లోపలికి వస్తుంది. చేతిలో ఉత్తరం.' ఒక్క మాట ఎక్కువైనా హీరోయిన్ డైలాగు మీద పడుతుంది. ఆ వాక్యాలు రాసేదీ, బీరువా అంత బూత్‌లో కూర్చుని మైకులో చదివేదీ ఒక్కడే. ఆఫీసులో అతన్ని కామెంటరీ అని పిలుస్తారు. పదేళ్ళుగా ఆ పేరుకే పలుకుతున్నాడు. అసలు పేరు ఐడీ కార్డు మీద తప్ప ఎక్కడా వినపడదు.

బూత్ గోడకి ఇన్‌చార్జి మేడం లావుపాటి అక్షరాలతో రాయించిన కాగితం ఒకటి అంటించి ఉంటుంది. 'కనిపించింది చెప్పండి, అనిపించింది చెప్పకండి.' మనిషి ఏడుస్తుంటే కన్నీళ్ళు కారుతున్నాయనాలి గానీ బాధపడుతోంది అనకూడదు. అది బాధో, ఉల్లిపాయో వినేవాళ్ళే తేల్చుకుంటారు. కాగితం మీద లేని సూత్రం ఇంకొకటుంది. ఖాళీని మరీ ఎక్కువసేపు ఖాళీగా వదలకూడదు. పది సెకన్లు దాటి ఏ గొంతూ వినపడకపోతే వినేవాళ్ళు సినిమా ఆగిపోయిందనుకుని రిమోట్ కోసం తడుముకుంటారు. కాబట్టి ఏదో ఒకటి చెప్తూ ఉండాలి. అసలు సంగతి చెప్పడానికి నోరు రాకపోతే దాని పక్కనున్నదాన్ని చెప్పాలి. ఈ చివరి కిటుకు ఎవరూ నేర్పలేదు. కామెంటరీ తనంతట తనే నేర్చుకున్నాడు, పైగా అది పనితనమని అనుకునేవాడు.

తయారైన వర్ణన బయటికి వెళ్ళే ముందు చూపులేని మనిషి ఒకరు కూర్చుని మొత్తం వినాలి. తప్పులుంటే చెప్పి, ఫారం నింపించి, సంతకం పెట్టాలి. ఆ వినే మనిషి కామెంటరీకి సొంత పెద్దమ్మ, అమ్మకి అక్క. ముప్ఫై నాలుగో ఏట ఆమెకి చూపు పోయింది. ఆ తర్వాత ఇరవై ఆరేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. ఊరందరి గొంతులూ ఆమె చెవిలోంచే వెళ్ళాయి. 'హలో' అన్న తీరుని బట్టే అవతలివాడు శుభం చెప్పబోతున్నాడో చావు కబురు చెప్పబోతున్నాడో ఆమెకి తెలిసిపోయేది. అలాంటి మనిషి దగ్గర ఎవరి పప్పులుడుకుతాయి?

సరే, ఆమె చెప్పే తప్పులెలా ఉంటాయో ఒకటి చెప్తాను. మొన్నామధ్య ఒక కామెడీ సినిమా వచ్చింది. అందులో హీరోకి డాన్సు నేర్పే మాస్టారొకడు ఉంటాడు. ఆ మాస్టారు తెర మీదికి రాగానే హాలంతా నవ్వాలి, వాడు అందుకోసమే ఉన్నాడు. కామెంటరీ తన వంతుగా 'డాన్సు మాస్టారు వయ్యారంగా నడిచి వస్తాడు' అని చదివాడు. పెద్దమ్మ టక్కున ఆపింది.

"ఒరేయ్, సినిమాలో నలభైమంది నడిచి వచ్చారు. వీడొక్కడే వయ్యారంగా ఎందుకొచ్చాడు?"

"నడక అలా ఉంది పెద్దమ్మా."

"ఎలా ఉంది? నడుం ఊగుతోందా, చెయ్యి ఊగుతోందా? కనిపించింది చెప్పు. వయ్యారం తెర మీద లేదు, నవ్వుదామని కాచుక్కూర్చున్న నీ నోట్లో ఉంది. నువ్వు కూడా నవ్వితే ఎలారా? అందరిలోకీ నువ్వు!"

ఆ 'అందరిలోకీ నువ్వు' అన్న మాటకి కామెంటరీ గతుక్కుమన్నాడు. ఎందుకంటే అతనితో ఆరేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్న మనిషి ఒకడున్నాడు. ఆఫీసులో రూమ్మేట్ అంటారు, అమ్మ 'మీ ఫ్రెండు' అంటుంది, అందరికీ ఆ మాటలతో సరిపోయింది. పెద్దమ్మ మాత్రం మొదటిసారి ఫోనులో వెనకాల అతని గొంతు విని, "మీవాడు బాగా దగ్గుతున్నాడు, డాక్టరుకి చూపించు" అంది. మీవాడు! ఎవరు చెప్పారో, ఎలా తెలిసిందో అడిగే ధైర్యం కామెంటరీకి లేకపోయింది. అడగాల్సిన పని కూడా లేదు, పెద్దమ్మకి ఆ సంగతి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది.

పెద్దమ్మకి ఒక టైలరు ఉండేది. బట్టలు కుట్టించుకునే టైలరు కాదు, ముప్ఫై ఎనిమిదేళ్ళు ఒకే వంటింట్లో, ఒకే మంచం మీద, ఒకే రేడియో కోసం కొట్లాడుకుంటూ బతికిన టైలరు. కాలర్ చొక్కా వేసుకుని, మెడలో టేపు, జేబులో సుద్దముక్కతో తిరిగేది. కామెంటరీ చిన్నప్పటినుంచీ ఆమెని టైలరత్తా అనే పిలిచేవాడు. బంధువుల్లో కొందరు 'అద్దెకున్నావిడ' అనేవాళ్ళు, కొందరు 'పాపం, కళ్ళులేని మనిషికి తోడు' అనేవాళ్ళు. ముప్ఫై ఎనిమిదేళ్ళు అద్దెకుండటమేమిటని ఒక్కరూ లెక్కవేసి చూడలేదు. పెద్దమ్మ చొక్కాలన్నీ ఆమే కుట్టింది. కాలరు లోపలి వైపు దారంతో ముళ్ళు వేసేది. ఒక ముడి తెలుపు, రెండు నీలం, మూడు ఎరుపు. పెద్దమ్మ పొద్దున్నే అలమరలో చెయ్యి పెట్టి, మెడ దగ్గర తడిమి, ఆ రోజు ఏ రంగు వేసుకోవాలో తేల్చుకునేది.

ఆ టైలరత్త పోయి పది వారాలైంది.

ఆ పది వారాలూ పెద్దమ్మ ఒక్క సినిమా వినలేదు. ఆఫీసు నుంచి రెండుసార్లు ఫోను చేస్తే "ఓపిక లేదు" అని పెట్టేసింది. పదకొండో వారం మొదటి రోజు తనే కామెంటరీకి ఫోను చేసింది. "ఏదైనా సినిమా ఉంటే పట్రా" అంది. ఇన్‌చార్జి మేడం సంతోషపడిపోయి, ఆ నెలలో పంపాల్సినవాటిలో అతను అప్పటికే చదివేసిన పెద్ద సినిమా తీసి అతని చేతిలో పెట్టింది. ఆ మధ్య అందరూ ధైర్యమైన సినిమా అని తెగ మెచ్చుకున్నదే. ఒక బస్సు డ్రైవరమ్మ, ఆ బస్సులో రోజూ డ్యూటీకి వెళ్ళే నర్సు, వాళ్ళిద్దరి కథ. ఇంకోటి ఇవ్వండి మేడం అని నోటిదాకా వచ్చింది. అనలేదు. అంటే ఎందుకని అడుగుతారు కదా!

మధ్యాహ్నం రెండింటికి పెద్దమ్మ ఇంటికి చేరాడు. వంటింట్లో బల్ల, బల్ల పక్కన కుట్టుమిషను, మిషను మీద చెక్క మూత. ఆ మూత మీద ఇప్పుడు మందుల డబ్బా, టార్చిలైటు పెట్టి ఉన్నాయి. చూపులేని మనిషి ఇంట్లో టార్చి ఎందుకో? టైలరత్త సూదిలో దారం ఎక్కించడానికి వాడేది. దాన్ని అక్కణ్ణుంచి ఎవరూ తియ్యలేదు.

"టీ పెట్టాను. చల్లారిపోతోంది, తాగు" అంది పెద్దమ్మ. "కథేంటి?"

చెప్పాడు. డ్రైవరు, నర్సు అనగానే ఆమె కనుబొమలు పైకి లేచాయి.

"చివర్లో ఎవరు చస్తారు?"

"పెద్దమ్మా, ముందే చెప్పేస్తే..."

"ఎవర్రా?"

"డ్రైవరు."

"అనుకున్నాను." వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. "నాలుగేళ్ళలో ఇలాంటివి తొమ్మిది విన్నాను. ఐదింట్లో ఒకత్తో ఒకడో పోయారు. రెండింట్లో వేరేవాళ్ళని పెళ్ళి చేసుకుని పోయారు. ఒకదాంట్లో రైలెక్కి పోయింది. తొమ్మిదోదాంట్లో ఏమైపోయారో తీసినవాడికే తెలీదు. ఇది పదోది. వీళ్ళకి ముసలితనం రానివ్వరేంట్రా? కుళాయి సరిగ్గా కట్టలేదని ఒకళ్ళమీద ఒకళ్ళు అరుచుకునే సీను ఒక్కటి, ఒక్కటి పెట్టకూడదూ? ముప్ఫై ఎనిమిదేళ్ళు అదే సీను తీశాం మేము, రోజుకి రెండాటలు."

కామెంటరీకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "పేపర్లలో ధైర్యమైన సినిమా అని రాశారు" అన్నాడు.

"చంపడానికి ధైర్యమెందుకు? బతకనిచ్చి చూపించమను, అప్పుడు ఒప్పుకుంటాను. సరే, పెట్టు."

పెట్టాడు. ఇద్దరూ బల్లకి చెరో వైపున కూర్చున్నారు. మొదటి గంటా బాగానే నడిచింది. బస్సు గేర్లు మారుస్తున్న చప్పుడు, నర్సు చిల్లర కోసం సంచి తడుముకోవడం, రోజూ అదే సీటు. పెద్దమ్మ అక్కడక్కడా తలకాయ ఊపుతోంది. ఒకచోట "ఇది బావుంది, చెయ్యి వెనక్కి తీసుకుందని చెప్పావు చూడు, అది బావుంది" అని కూడా అంది. కామెంటరీ టీ తాగడం మర్చిపోయాడు. ముందు ఏం రాబోతోందో అతనికి తెలుసు.

గంటా నాలుగో నిమిషంలో వచ్చింది. తెర మీద అద్దె గది. బయట వాన. నర్సు, డ్రైవరు మంచం మీద. మాటల్లేవు, పాట లేదు. సరిగ్గా నలభై రెండు సెకన్ల ఖాళీ. ఆ ఖాళీలో కామెంటరీ గొంతు నిదానంగా, శుభ్రంగా వినపడింది.

'వాన పడుతోంది. కిటికీకి నీలం రంగు కర్టెన్. కర్టెన్ గాలికి ఊగుతోంది. కర్టెన్ అంచుకి తెల్లటి కుట్టు. టేబుల్ మీద గ్లాసు. గ్లాసులో సగం నీళ్ళు. గాలి తగ్గింది. కర్టెన్ ఆగింది.'

పెద్దమ్మ చెయ్యి చాచి సినిమా ఆపేసింది.

"మళ్ళీ పెట్టు."

మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఆపింది.

"ఎన్ని కర్టెన్లురా నాయనా! బట్టలకొట్టు పెడదామనా?"

"గదిలో అదే..."

"మంచం చప్పుడు రెండుసార్లు వినపడింది. ఎవరో నవ్వు ఆపుకున్నారు. బట్ట మీద బట్ట రాసుకున్న చప్పుడు. నువ్వేమో కుట్టు గురించి చెప్తున్నావు. అంచు కుట్టు గురించి నువ్వు నాకు చెప్తావా? టైలరుతో కాపరం చేసినదాన్నిరా నేను!"



పెద్దమ్మ కోపం ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగానూ దిగింది. కుర్చీలో వెనక్కి వాలింది. "మా టైలరు సినిమా ఎలా చెప్పేదో తెలుసా? హాల్లో చివరి వరసలో కూర్చునేవాళ్ళం. నా చెవి దగ్గర నోరు పెట్టి గుసగుసగా చెప్పేది. ముందు వరసవాళ్ళు ఉష్షు ఉష్షు అనేవాళ్ళు. హీరోయిన్ వేసుకున్న బట్ట ఎలాంటిదో చెప్పాలంటే నా చొక్కా చేతినో, తన చొక్కా చేతినో పట్టుకుని ఇదిగో ఇలాంటిదనేది. హీరో హీరోయిన్లు దగ్గరికొచ్చారనుకో, గుసగుస ఆగిపోయేది. ఏమైందే, చెప్పవేం అనేదాన్ని. అప్పుడు నా మణికట్టు మీద వేలు పెట్టి, 'మనలాగే' అనేది. ఒక్క మాట. మొత్తం కనపడిపోయేది నాకు."

వీధిలో ఎవరో గేటు వేసుకున్నారు.

"నిజంగా నీలమేనా?" అంది పెద్దమ్మ.

"ఏంటి?"

"కర్టెన్."

ఇదేం ప్రశ్న అనుకుంటూ అతను ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకున్నాడు. ఆగిపోయిన బొమ్మ వంక చూశాడు. కర్టెన్ పసుపు రంగులో ఉంది. మూడు వారాలు ఆ సీనుని ముందుకీ వెనక్కీ తిప్పి తిప్పి చూసి రాసినవాడు, మైకులో నాలుగుసార్లు చదివినవాడు, పసుపుని నీలం అన్నాడు. కళ్ళున్నవాళ్ళు ముగ్గురు విన్నారు, ఒక్కరూ పట్టుకోలేదు.

"పసుపు పెద్దమ్మా. తప్పు రాశాను."

"నీలం ఎక్కణ్ణుంచి వచ్చింది మరి?"

ఎక్కణ్ణుంచి వచ్చిందో అతనికి ఆ క్షణంలోనే తెలిసింది. పెద్దమ్మకి అంతకు ముందే తెలుసు.

"ఆ రోజు హాల్లో కూడా నీలం కర్టెన్ అని చెప్పావు" అంది. "తెల్ల పూలు, నీలం కర్టెన్, గోడకి గడియారం. నేను ఏం జరుగుతోందిరా అని అడిగినప్పుడల్లా కర్టెన్ గురించే చెప్పావు."

ఆ రోజంటే పది వారాల కిందటి రోజు. టైలరత్తకి తెల్లవారుజామున గుండెనొప్పి వచ్చింది. అంబులెన్సువాళ్ళు సొంతవాళ్ళెవరని అడిగితే పెద్దమ్మ నేనే అంది. ఏమవుతారని అడిగారు. ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కునేలోపు తలుపు వేసుకుని వెళ్ళిపోయారు. ఆసుపత్రివాళ్ళు కబురు పెట్టింది టైలరత్త తమ్ముడికి. రెండు రోజుల తర్వాత, కడసారి చూపు కోసం ఒక హాల్లో ఉంచుతారని తెలిసి, కామెంటరీయే పెద్దమ్మని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. ఆమె రెండు ముళ్ళున్న చొక్కా ఏరి మరీ వేసుకుంది.

"చెప్పు ఇప్పుడు" అంది పెద్దమ్మ. "కర్టెన్ వద్దు. కనిపించింది చెప్పు. అనిపించింది నేను చూసుకుంటాను."

కామెంటరీకి లేచి పారిపోదామనిపించింది. ఎక్కడికి పారిపోతాడు, ఎంత దూరం పోయినా ఆ చెవులు వింటూనే ఉంటాయి. రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని, అలవాటైన పద్ధతిలో, జరుగుతున్నది జరుగుతున్నట్టే మొదలుపెట్టాడు.

"పొడుగాటి హాలు. కుర్చీలు వరసలుగా ఉన్నాయి. ముందు వైపు ఎత్తు బల్ల మీద పెట్టె. పెట్టె మూత తీసి ఉంది. గుమ్మంలో టైలరత్త తమ్ముడు ఎదురొస్తాడు. నా భుజం మీద చెయ్యేసి పక్కకి తీసుకెళ్తాడు. 'మావాళ్ళందరూ వచ్చారు బాబూ. మీ పెద్దమ్మగారిని చివరి వరసలో కూర్చోబెట్టు. ముందుకొస్తే ఎవరు, ఏమవుతారని అడుగుతారు, నేను జవాబు చెప్పుకోలేను' అంటాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను అలాగేనండి అంటాను. ఆయన మాట ఇంకా పూర్తికాకుండానే అంటాను."

"ఊఁ."

"నిన్ను చివరి వరసలో కూర్చోబెడతాను. మావాడు కూడా వచ్చాడు, గేటు దగ్గర నిలబడ్డాడు. అతన్ని లోపలికి రావద్దని నేను చెయ్యి ఊపుతాను. జనం లైనుగా నిలబడతారు. ఒక్కొక్కళ్ళే పెట్టె దగ్గరికి వెళ్తారు. నుదురు ముట్టుకుంటారు. కొందరు చేతులు ముట్టుకుంటారు. అప్పుడు నువ్వు ఏం జరుగుతోందని అడుగుతావు. జనం నిలబడి ఉన్నారు, నీలం కర్టెన్ ఉంది అని చెప్తాను."

"ముట్టుకోనిస్తున్నారా?" పెద్దమ్మ గొంతు సన్నగా అయిపోయింది. "అందర్నీ?"

"అందర్నీ. పక్కింటివాళ్ళు కూడా ముట్టుకున్నారు."

పెద్దమ్మ అరచేతులు బల్ల మీద వెల్లకిలా పడి ఉన్నాయి. ఆమె వాటిని మూసుకుంది.

"ఏం వేశారు దానికి?"

ఇదొక్కటీ అడక్కపోతే బావుండునని కామెంటరీ పది వారాలుగా కోరుకున్నాడు. "గులాబీ రంగు గౌను. మెడ చుట్టూ, చేతుల చివర లేసు. షాపులో కొన్నది. వాళ్ళ మేనకోడలు తెచ్చింది."

"లేసా?"

"లేసు."

పెద్దమ్మకి నవ్వు తన్నుకొచ్చింది. "లేసు చూస్తే దానికి దద్దుర్లురా! ఎవరైనా లేసు కుట్టమని తెస్తే రెట్టింపు రోజులు తిప్పేది!" నవ్వుతూ నవ్వుతూనే మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చింది. పది వారాలుగా ఆమె ఏడవగా ఎవరూ చూడలేదు. కామెంటరీ లేచి వెళ్ళి పక్కన నిలబడ్డాడు. ముట్టుకోవడానికి చెయ్యి చాచి, ఆ హక్కు తనకుందా అని ఆగిపోయాడు.

"కాలరు లేదన్నమాట" అంది చివరికి, చొక్కా చేత్తో మొహం తుడుచుకుంటూ. "ముడి కూడా లేదు. చీకట్లో అది ఏ రంగు వేసుకుందో దానికే తెలీదు."

"పెద్దమ్మా..."

"పూర్తి చెయ్యి. సినిమా మధ్యలో ఆపకు."

"లైను అయిపోతుంది. ఇద్దరు మనుషులు మూత ఎత్తి పెట్టె మీద పెడతారు. నాలుగు కొక్కేలు. ఒక్కొక్కటే బిగిస్తారు. నాలుగు చప్పుళ్ళు. నువ్వు నా చెయ్యి గట్టిగా పట్టుకుని, ఆ చప్పుడేంట్రా అని అడుగుతావు." అతని గొంతు బొంగురుపోయింది. పదేళ్ళ ఉద్యోగంలో మైకు ముందు ఎప్పుడూ అలా కాలేదు. "కుర్చీలు మడుస్తున్నారు పెద్దమ్మా, అని చెప్తాను."

అయిపోయింది. చెప్పేశాడు. కిటికీలోంచి పడుతున్న ఎండ కుట్టుమిషను మూత మీదికి జరిగింది.

"నాకు తెలుసు" అంది పెద్దమ్మ.

"ఏంటి?"

"కుర్చీలు అలా చప్పుడు చెయ్యవు. ఇరవై ఆరేళ్ళు చెవులతో బతికాను, కుర్చీకీ కొక్కేనికీ తేడా తెలీదనుకున్నావా? మొదటి కొక్కేనికే తెలిసింది. ఇంకా మూడున్నాయి అప్పటికి."

"మరి..." అతను ముందుకి వంగాడు. "మరి ఎందుకు లేవలేదు పెద్దమ్మా? ఎందుకు అరవలేదు?"

పెద్దమ్మ మొహం అతని వైపు తిప్పింది. కోపం లేదు ఆ మొహంలో. ఉంటే బావుండేది.

"లేచి ఎటు వెళ్ళాలిరా? దారి చెప్పాల్సినవాడివి నువ్వు. నువ్వే కుర్చీలంటే నేనెటు వెళ్ళను?"

కామెంటరీ కూలబడ్డాడు. ఏడుపు రాలేదు. వస్తే కొంత తేలికయ్యేది, అది కూడా రాలేదు. క్షమించమని అడగడానికి నోరు తెరిచాడు. ఆ మాట ఎంత చిన్నదిగా ఉంటుందో తలుచుకుని మళ్ళీ మూసుకున్నాడు.

"భయపడ్డావు" అంది పెద్దమ్మ. "నాకు తెలుసు. నన్ను ముందుకి నడిపిస్తే అందరూ నన్ను చూస్తారు, నన్ను చూసిన కళ్ళతోనే నిన్నూ చూస్తారు. అంతే కదా? తప్పు వాళ్ళదే, నేను కాదనను. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకో నాన్నా. మీవాడికి రేపేదైనా అయితే నిన్ను ఏ వరసలో కూర్చోబెడతారో తెలుసా? నువ్వు నన్ను కూర్చోబెట్టిన వరసలోనే. పక్కన ఎవడో ఒకడు కూర్చుని నీకు కర్టెన్ గురించి చెప్తుంటాడు. నీకు కళ్ళున్నా సరే."

ఆ మాటకి అతనికి గేటు దగ్గర నిలబడ్డ మనిషి గుర్తొచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతిలో పెద్దమ్మ కోసం కొన్న నీళ్ళ సీసా. రావద్దని చెయ్యి ఊపితే ఒక్క ప్రశ్న అడక్కుండా తల ఊపి అక్కడే రెండు గంటలు నిలబడ్డాడు. ఇంటికొచ్చాక కూడా ఎందుకని అడగలేదు. ఇన్నాళ్ళూ అది మంచితనమనుకున్నాడు కామెంటరీ. చివరి వరసలో కూర్చోవడం ఆ మనిషికి అప్పుడే అలవాటైపోయిందని ఇప్పుడు తెలిసింది. తను అలవాటు చేశాడు.

మిగతా సినిమా ఇద్దరూ విన్నారు. డ్రైవరు చచ్చిపోయింది. నర్సు ఖాళీ సీటు వంక చూసింది. పేర్లు పడ్డాయి. పెద్దమ్మ ఆ చావు మీద ఒక్క మాట కూడా అనలేదు.

"ఫారం తియ్యి" అంది.

తీశాడు. ఎప్పుడూ అతనే ప్రశ్న చదువుతాడు, ఆమె చెప్పిన జవాబు అతనే రాస్తాడు. గొంతు స్పష్టంగా ఉందా? ఉంది. మాటల మీద మాటలు పడ్డాయా? పడలేదు. మూడో ప్రశ్న దగ్గర అతను ఆగాడు.

"చదువు."

"వర్ణనలో ఏదైనా వదిలేసినట్టు గమనించారా? అయితే ఏది, ఎంతసేపు?"

"రాయి" అంది పెద్దమ్మ. "గమనించాను. గంటా నాలుగో నిమిషం దగ్గర, నలభై రెండు సెకన్లు. ఇద్దరు ఆడవాళ్ళని వదిలేశారు. రాశావా?"

"రాశాను."

"హాల్లో చివరి వరస నుంచి పెట్టె దాకా ఎంత దూరం?"

అతను తలెత్తి చూశాడు. అబద్ధం చెప్పనక్కర్లేదు, వెతుక్కోనక్కర్లేదు. ఆ రోజు అక్కడ కూర్చుని, వృత్తి అలవాటు కొద్దీ, కళ్ళతోనే కొలిచిపెట్టుకున్నాడు. ఆ అంకె పది వారాలుగా అతన్ని నిద్రపోనివ్వలేదు.

"పధ్నాలుగు అడుగులు పెద్దమ్మా."

"అదీ రాయి."

ఇన్‌చార్జి మేడం రేపు ఇదేమిటని అడుగుతుంది. అడగనీ. సినిమా ఫారంలో, మూడో ప్రశ్న కింద, నలభై రెండు సెకన్ల పక్కనే కామెంటరీ పధ్నాలుగు అడుగులు అని రాశాడు. అక్షరాలు గీత దాటిపోయాయి. పెద్దమ్మ బల్ల సొరుగులోంచి అట్టముక్క తీసింది. సంతకం వంకరపోకుండా టైలరత్త మధ్యలో సన్నటి కిటికీ కత్తిరించి ఇచ్చిన అట్ట అది. దాన్ని కాగితం మీద ఆనించి, అంచులు వేలితో తడుముకుని, సరిగ్గా ఆ కిటికీలోనే తన పేరు రాసింది.

"వెళ్ళు" అంది. "వెళ్ళి ఆ ఇద్దరూ ఏం చేస్తున్నారో చెప్పి పట్రా. నేను మళ్ళీ వింటాను."

అతను గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి చూశాడు. పెద్దమ్మ కుర్చీలోంచి లేచింది. ఒక చెయ్యి ముందుకి చాచి, పెదవులు కదుపుతూ, గోడ వైపుకి ఒక్కో అడుగే వేస్తోంది. వంటిల్లు చిన్నది. ఆరో అడుగుకే గోడ తగిలింది. ఆమె వెనక్కి తిరిగి, ఏడు దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. కామెంటరీ సంచి కింద పెట్టి వచ్చి, ఆమె మోచెయ్యి పట్టుకుని, మిగతా అంకెలు చెప్తూ పక్కన నడిచాడు.